మా అమ్మాయి ఉంగరాల జుట్టు, ఒక పాత కథ

దీపావళి సెలవులకి ఇంటికొచ్చిన మా అమ్మాయి, నేను బూరెలకి పూర్ణం ఉండలు చేసుకుంటుంటే పక్కన పీట వేసుకుని కూర్చుని, "అమ్మా, కోప్పడనంటే ఒకటడుగుతా" అంది. ఆ మాట విన్నాక కోప్పడకుండా ఉన్న తల్లి ఎవరైనా ఉంటే నాకు చూపించండి.

మాఘమాసంలో మా బావగారబ్బాయి పెళ్ళి. ఆ పెళ్ళికి తను జుట్టు సాఫు చేయించుకుంటుందట. "రీబాండింగా, స్మూతెనింగా, కెరటినా? హాస్టల్లో ఒక్కొక్కత్తి ఒక్కొక్కటి చెప్తోంది. నువ్వు ఏదైనా చదివి గానీ ఒప్పుకోవు కదా, చదివి చెప్పు" అంది. చేయించుకోవాలా వద్దా అన్నది దాని ప్రశ్నలోనే లేదు. ఏది అన్నదే ప్రశ్న.

"చూసి చెప్తాలే" అన్నాను. చెయ్యి దానంతటదే ఎడమ చెవి వెనక్కి పోయింది. అక్కడ రూపాయి బిళ్ళంత మేర నాకు జుట్టు మొలవదు. చిన్నప్పుడు సెగగడ్డ వేసిందని మా పిల్లలకి చెప్పుకుంటూ వచ్చాను. అది అబద్ధం. ఆ సంగతికి తర్వాత వస్తాను.

ఈ జుట్టు సాఫు చేసే మందుల కథ నేను మొదటిసారి విన్నది పుస్తకంలో కాదు. 2017లో మా చెల్లెలి పురుటికని అట్లాంటా వెళ్ళి ఆరునెలలున్నాను. వాళ్ళ పక్కింట్లో ఒక నల్లజాతి పెద్దావిడ ఉండేది. నర్సుగా చేసి రిటైరయింది. తెల్లటి పొట్టి జుట్టు, తల చుట్టూ దూదిపింజలా ఉండేది. నా ఇంగ్లీషు అంతంతమాత్రం. అయినా మధ్యాహ్నం పూట బిడ్డ పడుకున్నాక మెట్ల మీద కూర్చుని ఇద్దరం ఎలాగో మాట్లాడుకునేవాళ్ళం. నా జడ చూసి ఒకరోజు, "మీ దేశపు జుట్టు మా వాళ్ళు ఎంత పోసి కొంటారో తెలుసా?" అంది. నాకు తెలీదు. తిరుమల కళ్యాణకట్టలో మనం మొక్కుగా ఇచ్చిన తలనీలాలు వేలంలో అమ్ముడుపోయి, దేశాలు దాటి, అక్కడి ఆడవాళ్ళ తలల మీద అతుకు జుట్టుగా మారతాయని నాకు మొదట చెప్పింది ఆవిడే. 2009లో క్రిస్ రాక్ అనే హాస్యనటుడు 'గుడ్ హెయిర్' అని ఒక డాక్యుమెంటరీ తీశాడు. తన చిన్న కూతురు "నాన్నా, నాది మంచి జుట్టెందుకు కాదు?" అని అడిగితే తీశానని చెప్పుకున్నాడు. ఆ సినిమా కోసం అతను మన దేశం దాకా వచ్చి గుండ్లు చేయించుకోవడం చూసి వెళ్ళాడు.

ఆ పెద్దావిడ తన చిన్నతనం గురించి చెప్పేది. శనివారం సాయంత్రం వంటింట్లో స్టవ్ మీద ఇనప దువ్వెన ఎర్రగా కాల్చి, చెవి వంచి పట్టుకోమని, వాళ్ళమ్మ తలకి గ్రీజు రాసి ఆ దువ్వెనతో దువ్వేదట. మర్నాడు చర్చికి సిద్ధం కావాలి కదా. కమురు వాసనొస్తుంటే ఊపిరి బిగబట్టుకుని కూర్చునేదట. కదిలితే చెవి కాలుతుంది. వాన చినుకు పడ్డా, చెమట పట్టినా జుట్టు మళ్ళీ ముడుచుకుపోయేది. మెడ వెనక ఎంత దువ్వినా లొంగకుండా బిగుసుకుపోయే పొట్టి వెంట్రుకల్ని వాళ్ళ భాషలో 'కిచెన్' అంటారట. వంటింట్లో కూర్చోబెట్టి దువ్వడం వల్లే ఆ పేరొచ్చిందని ఆవిడ అనేది. నిజమో కాదో గానీ నాకు ఆ మాట నచ్చింది.

వెనక్కి వెళ్తే ఈ కథ బానిసల కాలం దాకా పోతుంది. 1786లో లూసియానాని స్పెయిన్ వాళ్ళు ఏలుతున్నప్పుడు ఎస్తెబాన్ మీరో అనే గవర్నరు, నల్లజాతి స్త్రీలు, వాళ్ళు స్వతంత్రులైనా సరే, జుట్టు బయటికి కనపడకుండా తలగుడ్డ కట్టుకోవాలని ఆజ్ఞ వేశాడు. వాళ్ళ అలంకారాలు చూసి తెల్లదొరసానులకి కంటగింపుగా ఉందట. ఆ ఆడవాళ్ళేం చేశారో తెలుసా? గుడ్డే కదా కట్టుకోమన్నారని రంగురంగుల పట్టుగుడ్డలు తెచ్చి, ఈకలు, నగలు గుచ్చి, ముందుకన్నా అందంగా కట్టుకున్నారు. ఇది చదివినప్పుడు నేను ఒక్కదాన్నే వంటింట్లో పైకి నవ్వేశాను. జుట్టున్నమ్మ ఏ కొప్పయినా పెడుతుందంటారు గానీ, జుట్టు చూపించొద్దన్నా కొప్పు పెట్టి చూపించారు వీళ్ళు.

బానిసత్వం పోయాక కూడా సాఫు జుట్టు ఉంటే పని దొరకడం, మర్యాద దక్కడం తేలికయ్యేది. అందుకే జుట్టు మందుల వ్యాపారం పెరిగింది. అందులో పెద్ద పేరు మేడమ్ సి. జె. వాకర్‌ది. అసలు పేరు సారా బ్రీడ్‌లవ్. 1867లో లూసియానాలోని డెల్టాలో పుట్టింది. ఏడేళ్ళకి తల్లీ తండ్రీ లేకుండా పోయారు. పద్నాలుగేళ్ళకి పెళ్ళి, ఇరవై ఏళ్ళకి వైధవ్యం, చేతిలో ఒక ఆడపిల్ల. ఊళ్ళో బట్టలుతికి బతికింది. తల మీద పుళ్ళు లేచి జుట్టు ఊడిపోతుంటే ఆనీ మలోన్ అనే మరో నల్లజాతి వ్యాపారి దగ్గర మందులు వాడి, తర్వాత ఆవిడ సరుకే ఇంటింటికీ తిరిగి అమ్మి, ఆనక తన సొంత మందు పెట్టుకుంది. 1919లో చనిపోయేనాటికి అమెరికాలో సొంత కష్టంతో అంత డబ్బు సంపాదించిన ఆడవాళ్ళలో ముందు వరసలో ఉంది. ఇనప దువ్వెన కనిపెట్టింది ఈవిడే అని చాలాచోట్ల రాస్తారు, అది తప్పు. అది అంతకు ముందునుంచే ఉంది. తనని 'జుట్టు సాఫు చేసే మనిషి' అంటే ఆవిడ ఒప్పుకునేది కాదు, జుట్టు పెంచే మనిషినని చెప్పుకునేది. ఆవిడ మందుల్లో ముఖ్యమైంది గంధకం కలిపిన లేపనం. అంటే వంకీ తీసేది వేడి, మందు కాదు.

మందుతోనే వంకీ పోగొట్టిన కథ ఇంకో చోట మొదలైంది, అదీ ఒక టైలరింగ్ షాపులో. గారెట్ మోర్గన్ అని క్లీవ్‌లాండ్‌లో కుట్టుమిషన్లు బాగుచేసే నల్లజాతి మనిషి. మిషను సూది వేగానికి వేడెక్కి ఉన్ని గుడ్డని కాల్చేస్తోందని, సూదికి రాయడానికి ఏదో ద్రవం తయారు చేస్తున్నాడు. భోజనానికి లేస్తూ చేతులు ఒక ఉన్నిగుడ్డకి తుడిచి వెళ్ళాడు. తిరిగొచ్చి చూస్తే గుడ్డ మీది నూగంతా నిటారుగా సాగి ఉంది. పక్కింటివాళ్ళ బొచ్చుకుక్క మీద రాసి చూశాడనీ, దాని బొచ్చు ఎంత సాఫయిందంటే యజమాని దాన్ని గుర్తుపట్టలేక తరిమేశాడనీ చెప్తారు. తర్వాత తన తల మీదే కొంచెం కొంచెం రాసుకుని చూసుకుని, 1913 ప్రాంతంలో జుట్టు క్రీము కంపెనీ పెట్టాడు. ఇదే మనిషి పొగలో ఊపిరాడేలా ముసుగు తయారు చేశాడు. 1916లో ఏరీ సరస్సు అడుగున సొరంగంలో పేలుడు జరిగితే అది తగిలించుకుని దిగి మనుషుల్ని బయటికి తెచ్చాడు. 1923లో మూడు సంకేతాలుండే ట్రాఫిక్ సిగ్నల్‌కి పేటెంటు కూడా తీసుకున్నాడు. ఆ సిగ్నలు గురించి పిల్లల పుస్తకాల్లో ఉంటుంది, జుట్టు క్రీము గురించి ఉండదు.

మగవాళ్ళు మాత్రం తక్కువ తిన్నారా? 1930లు, 40లలో 'కాంక్' అని ఒక పద్ధతి ఉండేది. పాటగాళ్ళూ కుర్రాళ్ళూ ఎగబడేవాళ్ళు. మాల్కమ్ ఎక్స్ తన ఆత్మకథలో, బోస్టన్‌లో కుర్రాడిగా ఉన్నప్పుడు స్నేహితుడు తనకి మొదటి కాంక్ చేసిన రోజు గురించి రాశాడు. రెండు బంగాళాదుంపలు సన్నగా తరిగి, రెండు గుడ్లు కొట్టి వేసి, అందులో ఒక డబ్బా కాస్టిక్ సోడా. గిన్నె చెయ్యి పెట్టలేనంత వేడెక్కింది. అది తలకి పట్టిస్తే నిప్పంటుకున్నట్టు మండి, కడుక్కోవడానికి పరిగెత్తాడట. అద్దంలో చూసుకుని ఆ క్షణాన మురిసిపోయినవాడే, 1965లో ఆ పుస్తకం వచ్చేనాటికి, తనని తాను కించపరచుకోవడంలో అదే తన మొదటి పెద్ద అడుగని చెప్పుకున్నాడు.

కాస్టిక్ సోడా అంటే మనకి కొత్త కాదు. మా అమ్మమ్మ కొబ్బరినూనెతో ఇంట్లో సబ్బు చేసేది. సోడా నీళ్ళు కలిపేటప్పుడు పిల్లలెవర్నీ దొడ్లోకి రానిచ్చేది కాదు. ఇప్పుడు సింకు గొట్టం మూసుకుపోతే పోసేదీ అదే. గొట్టంలో ఇరుక్కున్న వెంట్రుకల్ని కరిగించడానికే అది పోస్తామని గుర్తు చేసుకుంటే, దాన్ని తలకి రాయడమంటే ఏమిటో అర్థమవుతుంది.

అది ఎలా పనిచేస్తుందో నాకర్థమైనంత చెప్తాను. నేను బి.ఏ. తెలుగు, కెమిస్ట్రీ ఇంటర్మీడియట్‌లోనే వదిలేశాను, అయినా ఇది కష్టం కాదు. వెంట్రుక కెరటిన్ అనే మాంసకృత్తు. అందులో గంధకం ఉంటుంది. వెంట్రుక కాలినప్పుడు వచ్చే కంపులో ఉండేది అదే. పక్కపక్కన ఉన్న పోగుల్ని రెండేసి గంధకపు అణువులు కొక్కేల్లా పట్టుకుని ఉంటాయి. వెంట్రుక ఆకారాన్ని ఈ కొక్కేలే నిలబెడతాయి. వేడి దువ్వెన వీటి జోలికి పోదు, అందుకే చినుకు పడితే వంకీ తిరిగొచ్చేది. కాస్టిక్ సోడా వీటినే తెంచుతుంది, అదీ రెండు గంధకాల్లో ఒకదాన్ని పూర్తిగా తీసేసి. ఇక ఆ వెంట్రుక బతికున్నంతకాలం వంకీ రాదు. కొత్తగా మొలిచేది మాత్రం పుట్టుకతో వచ్చినట్టే మొలుస్తుంది. అందుకే ఆరేడు వారాలకోసారి మొదళ్ళకి మళ్ళీ పట్టించుకోవాలి.

ఆ మంటని కాస్త ఓర్చుకునేలా చేసి డబ్బాలో పెట్టి అమ్మినవాడు షికాగోలో జార్జి జాన్సన్. 1954లో కంపెనీ పెట్టడానికి అప్పుకి వెళ్తే ఇవ్వలేదు. ఇంకో చోటికెళ్ళి, పెళ్ళాన్ని విహారయాత్రకి తీసుకెళ్తానని చెప్పి 250 డాలర్లు తెచ్చుకున్నాడు. వ్యాపారానికి ఇవ్వని అప్పు విహారయాత్రకి ఇచ్చారు! మొదట మగవాళ్ళ కోసం, తర్వాత ఆడవాళ్ళ కోసం క్రీములు చేశాడు. జిడ్డు క్రీములో సోడా కలపడం, ముందుగా తల చర్మానికి వాజలైన్ లాంటిది దట్టంగా రాయడం, ఇంతే అందులో కిటుకు. 1971లో ఆ కంపెనీ అమెరికన్ స్టాక్ ఎక్స్చేంజిలో చేరింది. నల్లజాతి వాళ్ళ కంపెనీ ఒకటి అక్కడికి చేరడం అదే మొదలు. 'సోల్ ట్రెయిన్' అనే టీవీ కార్యక్రమం ఆ డబ్బుతోనే దేశమంతా నడిచింది. సరిగ్గా అదే సమయంలో ఏంజెలా డేవిస్ లాంటివాళ్ళని చూసి కుర్రకారంతా జుట్టు గుండ్రంగా పెంచేశారు. మా పెద్దావిడ కూడా కాలేజీలో అలా పెంచి ఇంటికెళ్తే వాళ్ళ నాన్న రెండు రోజులు మాట్లాడలేదట. తర్వాత ఆసుపత్రిలో ఉద్యోగానికి వెళ్ళేముందు మళ్ళీ డబ్బా కొనుక్కుంది. "ఎవ్వరూ చెయ్యమనలేదు. అడగనక్కర్లేకుండానే తెలుస్తుంది" అంది.

1970ల మధ్యలో అమెరికా వ్యాపార నియంత్రణ సంస్థ, జాన్సన్ కంపెనీ తన డబ్బా మీద సోడా ప్రమాదం గురించి హెచ్చరిక వేసి తీరాలంది. తెల్లవాళ్ళ పెద్ద కంపెనీకి అదే షరతు పెట్టడానికి ఇంకా సమయం తీసుకున్నారు. ఈలోగా హెచ్చరిక ఉన్న డబ్బా షాపులో ఉండిపోయి, లేని డబ్బా అమ్ముడుపోయింది. చట్టం మంచిదే, వేసిన తీరు చూడండి.

ఆ తర్వాతే 'నో లై' అనే మాట పుట్టింది. 'లై' అంటే కాస్టిక్ సోడా. ఏది ఎంచుకోవాలన్న ప్రశ్న ఇక్కడ మొదలవుతుంది. అట్లాంటాలో బ్యూటీ సప్లై షాపుల్లో ఒక గోడంతా ఈ పెట్టెలే. చాలా షాపులు కొరియా వాళ్ళవి. 'నో లై' పెట్టెలో రెండు సీసాలుంటాయి. ఒకదాంట్లో తెల్లటి క్రీము, ఇంకోదాంట్లో ద్రవం. అప్పటికప్పుడు కలిపి రాసుకోవాలి. ఆ క్రీములో ఉండేది కాల్షియం హైడ్రాక్సైడ్. మన భాషలో తడిసున్నం. తాంబూలంలో ఆకుకి రాసుకునేది, సంక్రాంతికి గోడలకి వేసేది. తోళ్ళ మీది బొచ్చు ఊడదీయడానికి తోలుపని వాళ్ళు నానబెట్టేది కూడా ఆ సున్నంలోనే. రెండో సీసాలోని గ్వానిడిన్ కార్బొనేట్‌తో కలిసి అది జుట్టుని సాఫు చేసే మందవుతుంది.

సోడా లేదు కాబట్టి సాధువనుకుంటాం. క్షారం కొలిచే లెక్కలో నీళ్ళు 7, మన తల చర్మం 5 దగ్గర. ఒక్కో అంకె పెరిగితే పదిరెట్లు. సోడా క్రీమైనా సున్నం క్రీమైనా 12 దాటే ఉంటాయి. తల చర్మానికి సున్నం రకం కాస్త నయమనీ, జుట్టుకి మాత్రం సోడా రకమే నయమనీ అక్కడి పార్లర్ వాళ్ళ అనుభవం. ఎందుకంటే సున్నం రకం కాల్షియం జుట్టు మీద పేరుకుని, బోరునీళ్ళతో తలంటుకున్నట్టు బిరుసెక్కిపోతుంది. లిథియం అని ఇంకో రకం ఉంది, దాని మీదా 'నో లై' అనే ఉంటుంది, పనిమాత్రం సోడా పనే. అందుకని పెట్టె ముందు రాసిన పెద్దక్షరాలు కాక వెనక ఉన్న చిన్నక్షరాలు చదవాలని మా పెద్దావిడ చెప్పేది. చిన్నపిల్లల కోసం కూడా పెట్టెలున్నాయి, పైన నవ్వుతున్న పాప బొమ్మతో. ఆ బొమ్మ ముందు నేను చాలాసేపు నిలబడ్డాను. మా అమ్మాయికి అప్పుడు పదమూడేళ్ళు.

మన పార్లర్లలో రీబాండింగ్, స్మూతెనింగ్ అనేవి ఈ సోడా సున్నం కుటుంబం కాదు. ఇవి థయో కుటుంబం. జపాన్‌లో పద్ధతి స్థిరపడి 2000 తర్వాత మన ఊళ్ళకొచ్చింది. అమోనియం థయోగ్లైకోలేట్ అనే క్రీము కొక్కేల్ని విప్పుతుంది, తెంచెయ్యదు. తర్వాత ఇస్త్రీపెట్టె లాంటి దాంతో నొక్కి, రెండో మందు రాస్తే కొత్త ఆకారంలో కొక్కేలు మళ్ళీ పడతాయి. క్షారం 9 చుట్టుపక్కల, అంటే సోడా కన్నా చాలా తక్కువ. విని సంతోషించేలోపు ఇంకోటి వినండి. చేతులకీ కాళ్ళకీ రోమాలు పోవడానికి రాసుకునే క్రీములో ఉండేదీ ఇదే థయో జాతి మందే. మోతాదు, క్షారం, ఉంచే సమయం తేడా, అంతే. అందుకే ఈ విద్యలో నిమిషాలే ప్రాణం. ఒకసారి థయో పట్టించిన వెంట్రుకకి సోడా రకం పట్టిస్తే వెంట్రుక తెగిపోతుంది. ఒకసారి సాఫయిన చోట మళ్ళీ రాయకూడదు, కొత్తగా మొలిచిన మొదళ్ళకే రాయాలి.

ఈ చివరి వాక్యం నాకు తెలిసింది నా జుట్టు పోయాక.

పధ్నాలుగేళ్ళ క్రితం మా మరిది పెళ్ళికి నేను రీబాండింగ్ చేయించుకున్నాను. నాదీ ఉంగరాల జుట్టే. మా అత్తయ్యగారు పిచ్చుకగూడు అనేవారు. ఆవిడకి చెడ్డ ఉద్దేశం లేదు, అందరూ అనేదే అన్నారు. పెళ్ళిలో అందరూ మెచ్చుకున్నారు. ఆరునెలలకి మొదళ్ళు ఉంగరాలు తిరిగాయి. అదే పార్లరుకి వెళ్తే పని నేర్చుకుంటున్న పిల్ల మొదళ్ళ నుంచి చివరదాకా తలంతా క్రీము పట్టించి, ఫోనొస్తే వెళ్ళింది. మండుతోందంటే "అంటే పనిచేస్తోంది ఆంటీ" అన్నారు. చెవి వెనక చేరిన క్రీము సరిగ్గా కడగలేదు. వారం తిరక్కుండా జడ సగానికి విరిగి దువ్వెనలోకి వచ్చింది. చెవి వెనక పుండు మానడానికి నెల పట్టింది, మచ్చ మిగిలింది. అడిగితే మీ జుట్టే బలహీనం అన్నారు. నేనూ నిజమే కాబోలనుకున్నాను. అదే నాకిప్పటికీ ఒళ్ళు మండే సంగతి.

ఇక కెరటిన్ సంగతి. పేరు వింటే పాలు, గుడ్లు పెట్టినట్టు జుట్టుకి బలం పెడుతున్నారనిపిస్తుంది. బ్రెజిల్ నుంచి వచ్చిన ఈ పద్ధతిలో చాలా మందుల్లో అసలు పని చేసేది ఫార్మాల్డిహైడ్. జువాలజీ ల్యాబులో కప్పని సీసాలో ముంచి ఉంచే ఫార్మలిన్ గుర్తుందా, అదే వాయువు. వేడి ఇస్త్రీ తగిలేసరికి పొగై లేచి కళ్ళు మండిస్తుంది. అది కాన్సర్ కారకమని ప్రపంచ ఆరోగ్య సంస్థ వాళ్ళ పరిశోధన విభాగం ఎప్పుడో తేల్చింది. 2010లో ఆరెగాన్ రాష్ట్రపు కార్మిక భద్రతా విభాగం పరీక్షిస్తే, 'ఫార్మాల్డిహైడ్ లేదు' అని రాసి ఉన్న సీసాల్లోనే అది దండిగా దొరికింది. 2023లో అమెరికా ఆహార ఔషధ సంస్థ దీన్ని నిషేధించే ప్రతిపాదన తెస్తామంది, ఆ తేదీ వాయిదా పడుతూ వచ్చింది. మనం నెలలకోసారి కూర్చుంటాం. అక్కడ పనిచేసే పిల్లలు రోజంతా ఆ పొగలో ఉంటారు. వాళ్ళ గురించి ఎవరూ మాట్లాడరు.

ఇది చెడ్డదని తెలిశాక దీని బదులు గ్లయాక్సిలిక్ ఆమ్లం వచ్చింది. 2024లో ఒక పేరున్న వైద్యపత్రికలో ఇరవయ్యారేళ్ళ అమ్మాయి గురించి రాశారు. 2020, 2021, 2022లో మూడుసార్లు సాఫు చేయించుకుంది, మూడుసార్లూ మూత్రపిండాలు దెబ్బతిన్నాయి. క్రీములో 10 శాతం ఈ ఆమ్లం. ఎలుకల మీద రాసి చూస్తే కిడ్నీల్లో ఆక్సలేట్ స్ఫటికాలు కనపడ్డాయి. పాలకూర తింటే రాళ్ళొస్తాయని భయపడతామే, ఆ ఆక్సలేటే. 'సహజం' అనే మాట కూడా పాతదే. 1994లో అమెరికా టీవీల్లో 'రియో' అని ఒక మందుని అడవి మూలికలతో చేసిందని అమ్మారు. జుట్టు ఊడిపోయిందనీ, ఆకుపచ్చగా మారిందనీ మూడువేలకి పైగా ఫిర్యాదులొచ్చాయి.

నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది 2022లో వచ్చిన ఒక అధ్యయనం. 33,497 మంది అమెరికా స్త్రీలని దాదాపు 11 ఏళ్ళు గమనించారు. 378 మందికి గర్భాశయ కాన్సర్ వచ్చింది. జుట్టు సాఫు చేసే మందులు ఎప్పుడూ వాడనివాళ్ళలో డెబ్భై ఏళ్ళొచ్చేసరికి ఆ జబ్బు వచ్చే అవకాశం 1.64 శాతం, తరచూ వాడేవాళ్ళలో 4.05 శాతం. తరచూ అంటే ఏడాదికి నాలుగుసార్లకి మించి. ఏ మందు, ఏ కంపెనీ అన్నది వాళ్ళు లెక్క తీసుకోలేదు. సోడానా సున్నమా అన్న పాత తగువుకి ఇందులో జవాబు లేదు. ఇది కారణమని రుజువు కాదు, సంబంధం కనపడిందని మాత్రమే. కానీ వాడినవాళ్ళలో దాదాపు 60 శాతం మంది నల్లజాతి స్త్రీలు. మా పెద్దావిడ లాంటివాళ్ళు. చెల్లెలికి ఫోన్ చేసి ఆవిడ ఎలా ఉందని అడిగాను. ఇల్లమ్మేసి కూతురి దగ్గరికి వెళ్ళిపోయిందట.

మాకు బి.ఏ.లో ప్రబంధాలు చెప్పిన మేడమ్, నాయిక నుదుటి మీద పడే ముంగురుల్ని అలకలంటారని చెప్పి, నా వైపు చూసి నవ్వేది. వంకీ తిరిగిన జుట్టుని పొగడని కవి లేడు మనకి. పుస్తకంలో అది అలకలు, ఇంట్లో పిచ్చుకగూడు. అమెరికాలో కాలిఫోర్నియా వాళ్ళు 2019లో, పుట్టుకతో వచ్చిన జుట్టుని బట్టి ఉద్యోగంలో, బడిలో వివక్ష చూపకూడదని చట్టమే చేసుకోవాల్సొచ్చింది. దాన్ని క్రౌన్ చట్టం అంటారు.

ఇవన్నీ ఒక నోటుపుస్తకంలో రాసుకుని, అమ్మాయి హాస్టల్‌కి వెళ్ళేముందు రోజు కూర్చోబెట్టి చెప్పాను. చివర్న చెవి వెనక మచ్చ చూపించి సెగగడ్డ కాదని చెప్పాను. వేలితో తడిమి చూసింది. ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు.

"నాకెందుకు చెప్పలేదు ఇన్నాళ్ళూ?"

"సిగ్గేసింది."

కాసేపాగి, "మా మామ్మే కాదమ్మా, నువ్వు కూడా అనేదానివి. రోజూ బడికెళ్ళేముందు. ఈ పిచ్చుకగూడు ఎప్పుడు లొంగుతుందే తల్లీ అని నెత్తిన దువ్వెనతో ఒకటిచ్చేదానివి" అంది. నవ్వుతూనే అంది. నాకు గుర్తు లేదు. గుర్తు లేకపోవడమే తప్పనిపించింది. తన పీరియడ్స్ సంగతో, మార్కుల సంగతో అడిగి మాట మార్చాను.

చేయించుకోవద్దని మాత్రం నేను అనలేదు. ఇరవై ఏళ్ళ పిల్ల. చేయించుకుంటే సీసా వెనక చదవమన్నాను, తల మీద పుండు, గోకుడు ఉన్నరోజు వద్దన్నాను, ఒక పాయ మీద ముందు చూడమన్నాను, మండితే ఆ క్షణమే కడిగించుకోమన్నాను, పని నేర్చుకునే వాళ్ళ చేతికి తల అప్పగించొద్దన్నాను.

పదిరోజుల తర్వాత వాట్సాప్‌లో ఒక ఫోటో వచ్చింది. ఏదో పార్లరు వాళ్ళు చూపించిన సీసా వెనకవైపు. కళ్ళజోడు పెట్టుకుని, పెద్దది చేసి, ఒక్కో అక్షరం కూడబలుక్కుని చదివాను. మూడో పేరు గ్లయాక్సిలిక్ ఆమ్లం. 'వద్దు' అని కొట్టి చెరిపేశాను. ఏం రాయాలో తోచక ఊరుకున్నాను. అదే మెసేజి పెట్టింది.

"చూశానమ్మా, నీకు చూపిద్దామనే పంపా. పెళ్ళికి జడ నువ్వే వెయ్యాలి. పళ్ళు ఎడంగా ఉన్న దువ్వెన కొంటున్నా. తడి మీద దువ్వాలట. లాగకూడదు."